అలికిన పొయ్యి

మొన్నొక మధ్యాహ్నం మా మనవరాలు వంటింట్లోంచి కేకేసింది. "అవ్వా, ఈడికి రా! పొయ్యి ముట్టించకుండానే పలారం చేస్తాండా, చూడు!"

పోయి చూశాను. గింజలు తీసిన ఖర్జూరాలు, వేరుశనగపప్పు, నువ్వులు, కొబ్బరి తురుము, అన్నీ కలిపి రుబ్బి పళ్ళెంలో మందంగా ఒత్తింది. ఐసుపెట్టెలో కాసేపు ఉంచి తీసి పలకలుగా కోస్తే అయిపోయిందట. నూనె లేదు, పాకం లేదు, పొగ లేదు. ఒంటికి మహా బలమట. నా నోట్లో ఒక ముక్క పెట్టి "ఎట్లుండాది?" అంది. బాగానే ఉంది. పళ్ళు లేని నాబోటి దానికి ఇంతకంటే అనువైన పలారం ఏముంటుంది?

కాని నా చూపు పళ్ళెం మీద లేదు. మిట్టమధ్యాహ్నం వేళ, శుభ్రంగా తుడిచిపెట్టి, చల్లగా ఉన్న పొయ్యి మీద ఉంది. అట్లాంటి పొయ్యిని చూస్తే నాకు ఈనాటికీ భయం. ముసలిదానికి పులిని చూసి భయమంటే అర్థముంది, చల్లారిన పొయ్యిని చూసి భయమేమిటని మా మనవరాలు నవ్వింది. నవ్వనీ. దానికి ఎర్రటోపీలు తెలియవు. తలుపు వెనక దాచిన వేపరెమ్మా తెలియదు.

అప్పుడు మా ఊరు పరాసువాళ్ళది, అదే ఫ్రెంచి దొరలది. పెద్ద కాలువకు అవతల, సముద్రం వైపు, తెల్లవాళ్ళ ఇళ్ళు. ఇవతల మేము. మాది ఒర్లియంపేటలో ఒక పొడుగాటి ఇల్లు. ముందు అరుగు, తర్వాత పడసాల, ఆ వెనక వంటిల్లు, దాని పక్కన మూటలు పెట్టుకునే చీకటి గది, చివర పెరడు. మా నాయనకు బజారులో పలారాల అంగడి ఉండేది. వేరుశనగ చెక్కలు, బొరుగుల ఉండలు, పప్పు ఉండలు అన్నీ మా అమ్మా, నాయన తల్లి అయిన మా అవ్వా ఇంట్లోనే చేసేవాళ్ళు. పొద్దున ఇసుకలో వేరుశనగలు వేగే వాసన, మధ్యాహ్నం బెల్లం పాకం వాసన. ఆ వాసనను బట్టే మా వీధి ఆడవాళ్ళు ఎసరు పెట్టుకునేవాళ్ళు. పాకం పదును చూడటానికి అవ్వ ఒక గిన్నెలో నీళ్ళు పెట్టుకుని అందులో చుక్కలు వేసేది. ముదిరిందా లేదా అని ఆమె వేలితో నొక్కి చూసిన ప్రతి చుక్కా నాదీ మా తమ్ముడిదీ. "చూసింది చాల్లే అవ్వా, ఇంగో చుక్క వెయ్యి, ఇది సరిగ్గా కనపళ్ళా" అని వాడు బతిమాలేవాడు. వాడికి అప్పటికి మాటలు తిన్నగా రావు గాని, తిండి కోసం మాత్రం ఎంత పొడుగు మాటైనా వచ్చేది.

మా పిల్లలందరికీ లోకంలో ఒకే ఒక భయం, ఎర్రటోపీ. పోలీసు బంట్రోతులకు తలమీద నిటారుగా ఎర్రటి టోపీ ఉండేది. అన్నం తినకపోతే ఎర్రటోపీ, తల దువ్వించుకోకపోతే ఎర్రటోపీ. వీధి మొదట్లో ఆ రంగు కనిపిస్తే చాలు, గోలీలు ఆడే పిల్లలు గోలీలు వదిలేసి ఇళ్ళల్లో దూరేవాళ్ళు. అవి అరవంలో అరుస్తాయనీ, దొర భాషలో కొడతాయనీ నేను తమ్ముడికి చెప్పేదాన్ని. వాడు నమ్మేవాడు. చెప్పి చెప్పి నేను కూడా నమ్మాను.

ఆ ఎండాకాలం ఊళ్ళోకి అమ్మవారు వచ్చింది. మశూచి అనే మాట మా ఇళ్ళల్లో ఎవరూ పలికేవాళ్ళు కాదు. తల్లి అనేవాళ్ళు, అమ్మోరు అనేవాళ్ళు. వచ్చిన ఇంటి గుమ్మానికి వేపరెమ్మ కట్టడం మా వాళ్ళ ఆచారం. తల్లికి అది స్వాగతం, దారినపోయేవాళ్ళకు హెచ్చరిక. అయితే ఆ ఏడు దొరలు కొత్త కట్టడి పెట్టారు. తల్లి వచ్చిన మనిషిని ఇంట్లో ఉంచుకోకూడదు. ఊరి బయట ఇసుకలో తాటాకు కొట్టాలు వేయించి, ఎర్రటోపీలతో బండి పంపి అక్కడికి ఎత్తించుకుపోయేవాళ్ళు. ఇంటివాళ్ళను వెంట రానిచ్చేవాళ్ళు కాదు. మా వీధి చివర చాకలాయన కూతుర్ని అట్లాగే తీసుకుపోయారు. ఆ పిల్ల చాప, దుప్పటి వీధిలోనే కాల్చారు. పిల్ల మళ్ళీ రాలేదు. బండి మలుపు తిరిగేదాకా ఆమె తల్లి వెంట పరుగెత్తి, పడిపోయి, అక్కడే కూర్చుని పిడికిళ్ళతో మట్టి తీసి తలమీద పోసుకోవడం నేను అరుగుమీద నిలబడి చూశాను. ఆ తర్వాత వేపరెమ్మను చూసి ఎర్రటోపీలు వస్తాయని తెలిసి ఊళ్ళో ఎవరూ రెమ్మ కట్టడం లేదు.

ఒకనాడు తమ్ముడు పాకం చుక్క వద్దన్నాడు. వాడు వద్దనడమేమిటని అమ్మ ఒళ్ళు పట్టి చూసింది. పెనం మాదిరి కాలిపోతోంది. జ్వరం తగ్గకుండానే నుదుటి మీద, మోచేతుల మీద పొక్కులు లేచాయి. అవ్వ వాణ్ణి వెలుతురులోకి తిప్పి చూసి, రెండు చేతులూ జోడించింది.

"తల్లి వచ్చిందే," అంది.

అమ్మ నోరు తెరిచింది ఏడవడానికి. అవ్వ గబుక్కున ఆమె నోరు మూసింది. "గమ్మునుండు! తల్లి వచ్చిన ఇంట్లో ఏడస్తారా ఎవురన్నా? పైగా గోడ అవతల చెవులుండాయి."

నాకు చంటితనంలోనే ఆ తల్లి వచ్చి పోయిందట. మెడమీద రెండు మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. అమ్మకూ అవ్వకూ కూడా వచ్చి పోయింది. మా నాయనకే రాలేదు. అందుకని అవ్వ ఆయన్ను ఇంట్లోకి రావద్దని అంగడిలోనే పడుకోమంది. "ఈ ఇంట్లోది ఒక్క గింజ అంగడికి పోగూడదు. ఆడుండేది అమ్ముకో, అయిపోతే మూసెయ్," అని కూడా చెప్పింది. నాయన పొద్దున్నే పెరటి సందులో దూరంగా నిలబడి "ఎట్లుండాడు?" అని చేతితో అడిగేవాడు. అమ్మ చేతితోనే జవాబు చెప్పేది. ఆయన ముఖం చూస్తే నాకు వాడి పొక్కులు చూసినప్పటి కంటే ఎక్కువ భయమేసేది. పెద్దవాళ్ళకు కూడా భయముంటుందని అప్పుడే తెలిసింది.

వేపరెమ్మ దగ్గర అత్తాకోడళ్ళకు మాటా మాటా వచ్చింది. రెమ్మ కట్టకపోతే తల్లికి అవమానం, బిడ్డను దక్కనివ్వదని అవ్వ. కడితే పొద్దుగూకకముందే బండి వచ్చి బిడ్డను ఎత్తుకుపోతుందని అమ్మ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి అవ్వే దారి కనిపెట్టింది. రెమ్మను తలుపుకు లోపలివైపు కట్టింది. "తల్లీ, ఇంట్లోకి వచ్చినాక నువ్వు చూసేది లోపలివైపే గదా," అని ఆమెతో బేరం పెట్టుకుంది. తమ్ముణ్ణి మూటల గదిలో అరటాకుల మీద పడుకోబెట్టారు.

తల్లి ఉన్నన్నాళ్ళూ ఇంట్లో తాళింపు వెయ్యకూడదు. వేయించకూడదు. నూనె కాగకూడదు. ఆమె అసలే మంట, ఇంట్లో ఇంకో మంట లేస్తే అది బిడ్డ ఒంటిమీదికి వస్తుందని నమ్మకం. మా అవ్వ ఇంకొక అడుగు ముందే ఉండే మనిషి. తెల్లవారకముందే ఒక్క కుండ అన్నం వార్చి, నిప్పు ఆర్పి, పొయ్యి అలికి ముగ్గు పెట్టేది. ఇక ఆ రోజుకు పొయ్యి దేవుడి గద్దె కింద లెక్క.

మరి తినడానికి? చలిమిడి. నానిన బియ్యం నీళ్ళు ఓడ్చి, గుడ్డ మీద పరిచి, చెమ్మ ఉండగానే రోట్లో దంచేది అవ్వ. జల్లించిన పిండిలో బెల్లం వేసి మళ్ళీ దంచేది. దంచగా దంచగా బెల్లం తడి పిండికి పట్టి, ముద్దై, రోకలికి అంటుకుని పైకి లేచేది. అందులో ఏలక్కాయ, కొబ్బరి కోరు, బిడ్డకు సత్తువ కోసమని నానబెట్టిన పెసరపప్పు కూడా కలిపేది. అరటాకు మీద మందంగా తట్టి, తల్లి ఉన్న ఇంట్లో కత్తి పట్టకూడదు గనక దారంతో ముక్కలు కోసేది. ముందు తల్లికి, తర్వాత తమ్ముడికి, తర్వాత మాకు. నిప్పు తగలని ఆ తీపికి ఒక పచ్చి వాసన ఉంటుంది, తడి బియ్యంది. ఇంత భయంలోనూ అది నాకు రుచిగానే ఉండేది. ఆకలికి బుద్ధి లేదు.

మూడు నోళ్ళు మూసుకుని కూర్చున్నాం గాని, మా వీధి ముక్కుల సంగతి మరిచిపోయాం. పక్కింటి పెద్దమ్మ పెరటి గోడమీదినుంచి తొంగిచూసి నన్ను పట్టుకుంది.

"ఏమ్మే పాపా, మీ ఇంట్లో వేరుశనక్కాయలు వేగే వాసనే లేదే? ఏంది సంగతి?"

నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం ఎట్లా వచ్చిందో, "మూకుడు ఓటిపోయింది పెద్దమ్మా, కంసాలి కాడ ఉండాది," అన్నాను. ఇనప మూకుడు బాగుచేసేది కంసాలి కాదు, కమ్మరి. పెద్దమ్మ నావైపు అదోలా చూసి, "తమ్ముడు యాడ, కనపడ్డే?" అంది. నేను లోపలికి పరుగెత్తాను.

అమ్మకు చెప్పాను. అవ్వ వేపాకు కోసుకురావడానికి మూలకుళం వైపు తోటల్లోకి వెళ్ళింది. అమ్మ కాసేపు మూటల గది గుమ్మంలో నిలబడి, కొడుకునూ పొయ్యినీ మార్చి మార్చి చూసింది. తర్వాత మూకుడు తీసుకుని పెరట్లోకి పోయి, మూడు రాళ్ళు పెట్టి, పుల్లలు ముట్టించి, దోసెడు వేరుశనగలు వేయించింది. "వాసన వీధిలోకి పోతే చాలు. పాపా, అవ్వకు చెప్పొద్దు," అంది. చేటతో పొగను గోడవైపు విసిరింది. అవతలినుంచి పెద్దమ్మ "ఆ, వేగతాండాయిలే," అనడం నాకు వినిపించింది. అమ్మ కళ్ళు మూసుకుని గోడకు ఆనుకుంది.

ఆ సాయంత్రం తమ్ముడి జ్వరం పెరిగింది. పొక్కులు కళ్ళమీదికి పాకాయి. వాడు మూలుగుతూ "మంట, మంట," అన్నాడు. ఆ మాటకు అమ్మ నేలమీద కూలబడిపోయింది. అవ్వ పెరట్లోకి పోయి మసిబారిన మూడు రాళ్ళను చూసి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కోడలి పక్కన కూర్చుని, "నువ్వేం జేస్తావులేవే, తల్లివి," అని మాత్రం అంది. అప్పుడు ఇద్దరూ చప్పుడు కాకుండా ఏడ్చారు. తల్లి వచ్చిన ఇంట్లో ఏడవకూడదన్న మనిషే ఏడుస్తుంటే నాకు ఇక దిక్కెవరు?

ఎర్రటోపీ మరుసటి రోజే వచ్చింది. మిట్టమధ్యాహ్నం. నేను పడసాలలో ఉన్నాను. గడపమీద నీడ పడింది, తల ఎత్తితే ఆ ఎరుపు.

ఆ మనిషి నన్ను దాటుకుని నేరుగా వంటింటి గుమ్మం దాకా పోయాడు. అలికిన పొయ్యి చూశాడు. దానిమీద ముగ్గు చూశాడు. రోలు దగ్గర అవ్వ, చేతులనిండా తడి పిండి, అరటాకు మీద సగం కోసిన చలిమిడి. వెనక్కి తిరిగితే తలుపు లోపలివైపు వేపరెమ్మ. ఇంకేం చూడాలి? గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అమ్మ పోయి మూటల గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

ఆయన టోపీ తీశాడు. నేను ఎర్రటోపీ కింద తలను చూడటం అదే మొదటిసారి. ముందువైపు బట్టతల, వెనక చిన్న ముడి. ముఖం నిండా పాత మచ్చలు. అవ్వ ముందు వంగి కూర్చుని, తెలుగులో, మా ఇంటి తెలుగులో అన్నాడు:

"అవ్వా, ఆ చలిమిడి రొంత పెడతావా?"

అవ్వ ఆయన ముఖం మీది మచ్చల వైపు చూసింది.

"మా ఇంట్లో గూడా తల్లి వచ్చుండాది. నా కూతురికి. ఈ పాపంత ఉంటాది," అని నావైపు చూపించాడు. "మా ఇంటిది మొన్ననే కనింది, రోకలెత్తలేదు. ఎవుర్ని అడిగేది? మీ రోటి చప్పుడు విని వచ్చినా. పదిమంది బిడ్డల్ని నేనే బండెక్కించినా. నా బిడ్డ ఇంట్లో ఉండాదని తెలిస్తే వాళ్ళే వచ్చి నన్ను రాళ్ళతో కొడతారు. తల్లికి పెట్టేదానికి ఒక్క ముక్క..."

అవ్వ అరటాకు చింపి, రెండు పెద్ద ముక్కలు పొట్లం కట్టి ఇచ్చింది. ఆయన దాన్ని టోపీలో పెట్టి, టోపీని చంకలో పెట్టుకుని పెరటి దారిన పోయాడు. ఆయన మమ్మల్ని పట్టిస్తాడేమోనని అమ్మకు భయం. ఆయన మళ్ళీ వస్తాడేమోనని నాకు భయం. అవ్వ మాత్రం రోకలి అందుకుని, "రేపటినుంచి ఇంగో సోలెడు ఎక్కువ నానబెట్టాల," అంది.

మళ్ళీ వచ్చాడు, రోజూ వచ్చాడు. పెరటి తలుపు దగ్గర నిలబడి దగ్గేవాడు. నేను పొట్లం తీసుకుపోయి ఇచ్చేదాన్ని. మొదట చెయ్యి చాచినంత దూరంలో నిలబడి ఇచ్చి పారిపోయేదాన్ని. "మీ పాప తింటా ఉండాదా?" అని ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "పెసరపప్పు ఏరి ఏరి తింటాది," అన్నాడు. మా తమ్ముడు దానికి విరుద్ధం, పప్పు ఏరి పారేసి పిండి తింటాడు. ఆ మాట చెబితే నవ్వాడు. ఎర్రటోపీలు నవ్వుతాయని తమ్ముడికి చెబితే నమ్మలేదు.

ఒక మధ్యాహ్నం పొట్లం అందుకుని కూడా ఆయన పోలేదు. అవ్వను పిలిచాడు.

"రేపు పొద్దన్న వైద్యం దొర ఈ వీధికి వస్తాండాడు. వేపరెమ్మలు దాస్తాండారని ఆయనకు తెలిసిపోయింది. ఇప్పుడు పొయ్యిలు చూడమంటాండాడు. పొద్దెక్కినా పొయ్యి చల్లగా ఉంటే ఆ ఇంట్లో తల్లి ఉన్నట్టే లెక్క. అవ్వా, రేపు మీ పొయ్యి వెలగాల. తాళింపు వాసన వీధి దాకా రావాల. లేకుంటే నేనేం చెయ్యలేను."

ఆయన పోయాక అవ్వ పొయ్యి ముందు కూలబడింది. దోసెడు వేరుశనగలకే బిడ్డ కళ్ళు మూసుకుపోయాయి. ఇక తాళింపు వేస్తే? వెయ్యకపోతే ఇసుకలో తాటాకు కొట్టం. తాళింపు వెయ్యమనే ధైర్యం అమ్మకు లేదు. పొద్దుగూకేదాకా అవ్వ అక్కడే కూర్చుంది. నేను ఆమె ఒళ్ళో తల పెట్టుకున్నాను.

తెల్లవారాక లేచి స్నానం చేసి, తడిబట్టతోనే వేపరెమ్మ ముందు నిలబడింది. "తల్లీ, ఈ ముగ్గు నేనే చెరుపుతాండా. నా కోడలు గాదు, నా మనవడు గాదు. ఈ మంట నాది. నా ఒంటిమీదికి రా. బిడ్డ మీదికి పోవద్దు. ఈ పొద్దు తర్వాత నేను బతికినన్నాళ్ళు తాళింపేసిన కూడు ముట్టను." అని కాలితో కాదు, చేత్తో ముగ్గు చెరిపి పొయ్యి ముట్టించింది. వేపరెమ్మ విప్పి తన కొంగులో ముడేసుకుంది.

నన్ను మూటల గదిలో తమ్ముడి పక్కన కూర్చోబెట్టి, ముందు వేరుశనగ మూటలు అడ్డం పేర్చారు. నా చేతిలో ఒక చలిమిడి ముక్క పెట్టింది అమ్మ. "వాడు ఏడిస్తే నోట్లో పెట్టు," అంది.

వీధిలో బండి చప్పుడైంది. దొరల బండ్లకు ముందు గుర్రముండదు, ఎద్దుండదు. వెనకనుంచి మనిషి తోస్తాడు. అది మా అరుగు ముందు ఆగింది. బూట్లు గడప దాటాయి. అదే సమయానికి వంటింట్లో చుయ్‌మని శబ్దం. అవ్వ కాగిన నూనెలో గుప్పెడు ఎండుమిరపకాయలు వేసింది. ఆ ఘాటు ఇల్లంతా కమ్మేసింది. దొర దగ్గాడు. తుమ్మాడు. దొర భాషలో ఏవో తిట్లు తిట్టి, మళ్ళీ దగ్గుతూ అరుగుమీదికి పోయాడు. ఇంకోసారి అయితే నేను పడీపడీ నవ్వేదాన్ని. కాని ఆ ఘాటు మూటల గదిలోకి కూడా వచ్చింది. తమ్ముడి ఛాతీ ఎగిసింది. దగ్గు వస్తోంది. చలిమిడి ముక్క వాడి నోట్లో కుక్కాను. వాడు కళ్ళు తెరవలేక, ఊపిరాడక, నా మణికట్టు పట్టుకున్నాడు. చస్తాడేమో అనుకున్నాను. నా చేత్తోనే చస్తాడేమో అనుకున్నాను. అంత భయం నేను ఆ తర్వాత పురుళ్ళలో ఎరగను, చావుల్లో ఎరగను.

బయటినుంచి దొర ఏదో ఆజ్ఞ వేశాడు. అడుగులు లోపలికి వచ్చాయి. మూటల మీదినుంచి ఎర్రటోపీ కనిపించింది, దాని కింద ఆయన ముఖం. ఆయన మమ్మల్ని చూశాడు. నన్ను కాదు, తమ్ముణ్ణి. చాలాసేపు చూశాడు. కళ్ళనుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, మచ్చల ముఖమంతా తడిసిపోయింది. తుడుచుకోలేదు. తమ్ముడు నోట్లో చలిమిడి నములుతున్నాడు, బుగ్గ కదులుతోంది. ఆయన ఆ బుగ్గను చూస్తూనే వెనక్కి తిరగకుండా, గట్టిగా, దొర భాషలో ఒక్క మాట అన్నాడు. ఎవరూ లేరని దానికి అర్థమట. బండి పక్కింటికి కదిలింది.

సాయంత్రం అవ్వ పొట్లం కట్టి పెరటి గడపమీద పెట్టింది. "పాపం, మిరపకాయ ఘాటుకు ఆయన కండ్లు ఎంత మండినాయో," అంది. ఆయన రాలేదు. పొట్లానికి చీమలు పట్టాయి.

ఆ మరుసటి రోజు వచ్చాడు. దగ్గలేదు, ఊరికే నిలబడ్డాడు. మేము ఇచ్చిన అరటాకులన్నీ కడిగి, మడిచి తెచ్చి అవ్వ చేతిలో పెట్టాడు.

"ఇంగ వద్దవ్వా," అన్నాడు.

అవ్వ ఆకులు పట్టుకుని "ఎప్పుడు నాయనా?" అంది.

"దొర బండి ఎనక నేను మీ ఇంటికి వచ్చిన పొద్దే. తెల్లారేముందు."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన "పిల్లోడు?" అని అడిగాడు. అవ్వా అమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. బాగున్నాడని చెప్పడానికి వాళ్ళకు నోరు రాలేదు. నేనే చెప్పాను, వాడు లేచి కూర్చున్నాడని, ఒక కన్ను తెరిచాడని. ఆయన లోపలికి వచ్చి చూశాడు. వాడు గోడకు ఆనుకుని కూర్చుని, చలిమిడిలోంచి పెసరపప్పు ఏరి పారేస్తున్నాడు. ఆయన వంగి, నేలమీద పడిన ఆ పప్పుగింజలు ఏరి గుప్పిట్లో పెట్టుకున్నాడు. టోపీ పెట్టుకుని పెరటి దారిన పోయాడు.

తర్వాత చాన్నాళ్ళు వీధిలో ఎర్రటోపీ కనిపిస్తే మా తమ్ముడు దాక్కునేవాడు. నేను దాక్కోలేదు. అది ఆయనేమోనని చూసేదాన్ని. ఎప్పుడూ ఆయన కాదు. వేరే ఊరి ఠాణాకు పోయాడని కొందరన్నారు. అవ్వ చాలా కాలం బతికింది. చివరిదాకా తాళింపు లేని చప్పిడి కూడే తిన్నది. ఇంట్లో మేము పులిహోర తింటున్నా ఆమె విస్తట్లో పెరుగన్నం. తల్లి తన మాట విన్నదని ఆమె నమ్మకం. మరి ఆ పిల్ల తండ్రి మొక్కుకోలేదా అని పెద్దయ్యాక ఒకసారి అడగబోయి ఊరుకున్నాను. దొర చెడ్డవాడు కాదని, దాచిన ఇళ్ళనుంచే జబ్బు పాకిందని ఇప్పుడు నాకు తెలుసు. తెలిసినా, ఆ గదిలోకి మళ్ళీ పంపితే ఆ ముక్క మళ్ళీ వాడి నోట్లో కుక్కుతాను.

మొన్న ఆ సాయంత్రమే మా తమ్ముడు వచ్చాడు. ముఖమంతా మచ్చలు, ఒక కన్నుమీద పువ్వు, కర్ర పట్టుకుని నడుస్తాడు, తిండి మీద ఆశ మాత్రం తగ్గలేదు. వాడికి ఆ రోజులేవీ గుర్తులేవు. మనవరాలు చేసిన పలారం ముక్క తిని, ఇంకోటి తిని, కిటికీ దగ్గర నేను వేరుగా ఆకులో పెట్టిన ముక్కమీద చెయ్యి వేశాడు.

"అది పెట్టెయ్‌రా," అన్నాను.

"ఎవురికక్కా?"

"ఒక పాపకు. పప్పు ఏరుకుని తింటాది."

"ఏ పాపకు?" అని వాడు, మనవరాలు ఇద్దరూ నా ముఖం చూశారు. నేను లేచి పొయ్యి ముట్టించి, కాఫీకి నీళ్ళు పెట్టాను.